కారు లోపలి ఫొటోలకు 10-18 లెన్స్: చాలాకాలం వాడాక చెప్తున్న మాట

నల్గొండ, మిర్యాలగూడ వైపు పాత కార్లు అమ్మేవాళ్లకు ఫొటోలు తీసిపెడతాను. బయటి ఫొటోలు మంచి ఫోన్‌తో కూడా నెట్టుకురావచ్చు, లోపలివే కష్టం, ఎందుకంటే అక్కడ వెనక్కి జరగడానికి చోటే ఉండదు.

నేను వాడేది కెనాన్ 200డి కెమెరా, దాంతో వచ్చిన 18-55 లెన్స్, తర్వాత కొన్న ఈఎఫ్-ఎస్ 10-18 లెన్స్. ఈ అంకెలు మిల్లీమీటర్లలో ఫోకల్ లెంగ్త్, అంకె తగ్గేకొద్దీ ఫొటోలో ఎక్కువ వెడల్పు పడుతుంది. ఇందులో ఉన్నది క్రాప్ సెన్సర్, అంటే చిన్న సెన్సర్, కాబట్టి 18 అంటే ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) లెక్కలో 29 దాకా అవుతుంది, వెనక సీటుకు వీపు ఆనించి తీసినా డ్యాష్‌బోర్డ్ ఈ చివర నుంచి ఆ చివరకు పట్టదు. 10 అంటే 16, అన్నీ వచ్చేస్తాయి. అందుకే కెమెరా బాడీ మార్చాలా లెన్స్ కొనాలా అని ఎవరైనా అడిగితే కళ్లు మూసుకుని లెన్సే అంటాను.

అలాగని 10 దగ్గరే పెట్టి తీయకండి. మూలకు వచ్చిన స్టీరింగ్ కోడిగుడ్డులా సాగిపోతుంది, చిన్న కారు కూడా హాలంత కనిపిస్తుంది, తీరా బండి చూడ్డానికి వచ్చిన పార్టీ లోపల కూర్చోగానే మొహం మాడ్చుకుంటాడు. నేను 12-14 మధ్యే ఉంటాను, కెమెరాను హెడ్‌రెస్ట్ ఎత్తులో లెవెల్‌గా పెడతాను. కిందికి వంచితే డోర్ పిల్లర్లు వాలిపోతాయి.

ఈ లెన్స్ ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, అంకె పెరిగితే రంధ్రం చిన్నదవుతుంది) 4.5 నుంచే మొదలు, వెలుతురు చాలదేమో అని చాలామందికి టెన్షన్. ముందు సీటు నుంచి డ్యాష్‌బోర్డ్ దాకా క్లియర్‌గా రావాలంటే ఎలాగూ ఎఫ్8 పెట్టాల్సిందే, కాబట్టి ఆ బాధ లేదు. షటర్ మాత్రం బాగా నెమ్మదిస్తుంది, చేత్తో పట్టుకుంటే ఫొటో కదిలిపోతుంది. పెద్ద స్టాండ్ కాళ్లు కారులో విప్పలేం, గుప్పెడంత ట్రైపాడ్ వెనక సీటు మీద పెట్టి, 2 సెకన్ల టైమర్ వేసి, స్క్రీన్ పక్కకు తిప్పుకుని డోర్ బయట నిలబడి చూస్తూ తీస్తాను. కిటికీలు తెల్లగా కాలిపోకుండా బ్రాకెటింగ్‌తో, అంటే అదే ఫొటోను తక్కువ, మామూలు, ఎక్కువ వెలుతురుతో మూడు తీసి కలుపుతాను.

లెన్స్ తర్వాత అంత పనికొచ్చేది సీపీఎల్ ఫిల్టర్, అంటే లెన్స్ ముందు బిగించి తిప్పే, మెరుపు తగ్గించే అద్దం, ఈ లెన్స్‌కు 67 ఎంఎం సైజు. పాలిష్ కొట్టిన నల్ల డ్యాష్‌బోర్డ్ మీద బూడిద రంగు పొరలా మెరుపు ఉంటుంది చూడండి, రింగు మెల్లగా తిప్పుతుంటే అది కరిగిపోయి కింద ప్లాస్టిక్ గరుకు, గీతలు అన్నీ పైకి తేలతాయి. గీతలు కనిపిస్తున్నాయని అమ్మేవాళ్లు గొణుగుతారు, నేను మాత్రం చెరపను. లోహం మీద మెరుపుకు ఇది పనిచేయదు. ఫ్లాష్ జోలికి అసలు పోవద్దు, టచ్‌స్క్రీన్‌లో తెల్ల మచ్చ పడుతుంది.

మన ఎండలో పదకొండు తర్వాత సీటు మీద పడే ఎండ చారను ఏ కెమెరా సరిచేయలేదు. వేపచెట్టు కింద పెడితే ఆకుల నీడ మచ్చలు మచ్చలుగా పడుతుంది, దానికన్నా గోడ నీడ నయం.

10-18 లెన్స్ 240 గ్రాములే, కెమెరాకు తగిలించే మౌంట్ ప్లాస్టిక్, తగిలించేటప్పుడు మెల్లగా తిప్పాలి. 18-55 కూడా అమ్మేయకండి, కిలోమీటర్ల రీడింగ్, పెడల్ రబ్బరు అరుగుదల దగ్గరగా చూపించడానికి 55 కావాలి, కొనేవాడు జూమ్ చేసి చూసేది ఆ రెండింటినే.