ఇసుకలో మునిగిన 1942: విశాఖలో మూడు రోజులు

మా తాతయ్య బతికినన్నాళ్ళూ "నేను ఆంధ్రా యూనివర్సిటీలో చదివాను" అని గొప్పగా చెప్పుకునేవాడు. అది నిజమే. కానీ ఆయన వైజాగ్‌లో ఒక్క క్లాసు కూడా వినలేదు. యుద్ధం రోజుల్లో యూనివర్సిటీయే మూటాముల్లె సర్దుకుని మా గుంటూరుకి వచ్చేసింది. వాల్తేరులో భవనాలు మిలటరీ చేతికి పోయాయి. "నేను వాల్తేరు వెళ్ళలేదురా, వాల్తేరే మా వీధికి వచ్చింది" అని నవ్వేవాడు. ఎందుకొచ్చింది తాతా అంటే ఒకటే జవాబు: "జపానువాడు బాంబులేశాడు కదా!"

ఆ బాంబుల తాలూకు ఏదైనా ఇంకా మిగిలుందా చూద్దామని డిసెంబరు చివరి వారంలో శుక్ర, శని, ఆదివారాలు పెట్టుకుని బయల్దేరాను. ముందే ఒక హెచ్చరిక: ఆ వారం వైజాగ్‌లో గది దొరకడం కష్టం, దొరికితే అద్దె కట్టడం ఇంకా కష్టం. ఎంవీపీ కాలనీలో బావమరిది ఉన్నాడు కానీ వాళ్ళింట్లో అప్పటికే చుట్టాలు దిగారు. స్టేషనుకి దగ్గర్లో ఒక లాడ్జి ఆన్‌లైన్లో బుక్ చేశాను. ఫొటోలో కిటికీ బయట సముద్రం ఉంది. అసలు కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు ఏసీ డబ్బాలు. వేడినీళ్ళు ఆరు నుంచి ఎనిమిది దాకా మాత్రమే, అదీ బకెట్లో. రైలు దిగి గదికి చేరేసరికి ఎనిమిదీ పది. గట్టిగా అడిగితే కుర్రాడు ఇంకో బకెట్ తెచ్చాడు, పాపం అతని తప్పేముంది. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. ఒక్క రాత్రికి ఫరవాలేదు, కుటుంబంతో వెళ్ళేవాళ్ళు మాత్రం వద్దు.

మొదట బీచ్ రోడ్డులో విశాఖ మ్యూజియం. పాత డచ్చి బంగళా, ఎత్తయిన కప్పులు, లోపల చల్లగా ఉంటుంది. రాజుల కత్తులు, పింగాణీ, నాణేలు చకచకా దాటేసి నేను వెతికింది ఒక్కదాని కోసం: జపాన్ విమానాలు ఈ ఊరి మీద వేసిన బాంబు. ఉంది. మ్యూజియంకి వచ్చిన పిల్లలందరూ దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగుతున్నారు. 1942 ఏప్రిల్ 6, సోమవారం. అంతకు ముందురోజు ఈస్టర్ ఆదివారం నాడు జపాన్ నౌకాదళం కొలంబో మీద దాడి చేసింది. మర్నాడు బంగాళాఖాతంలో తిరుగుతున్న ఇంకో దండు నుంచి, ర్యూజో అనే విమానవాహక నౌక మీంచి లేచిన విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద పడ్డాయి. ఎందుకు మన మీద అంటే, రేవు. విశాఖ రేవుకి వైస్రాయి విల్లింగ్డన్ ప్రారంభోత్సవం చేసి అప్పటికి తొమ్మిదేళ్ళు కూడా నిండలేదు. 1941 జూన్‌లో బాబూ రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా సింధియా వాళ్ళ షిప్‌యార్డుకి శంకుస్థాపన అయ్యి పది నెలలన్నా కాలేదు. బాంబుల వల్ల జరిగిన నష్టం కన్నా భయం వల్ల ఖాళీ అయిన ఇళ్ళే ఎక్కువని మా తాతయ్య తరంవాళ్ళు చెప్పేవాళ్ళు.

మధ్యాహ్నం, బీచ్‌లో మ్యూజియంగా మార్చి పెట్టిన నేవీ వాళ్ళ పాత సబ్‌మెరైన్ కురుసుర. సోమవారం సెలవు. మిగతా రోజుల్లో కూడా పొద్దున్నే వెళ్ళి నిలబడకండి, మేము వెళ్ళిన రోజు రెండు గంటలకి గానీ లోపలికి వదల్లేదు. 91 మీటర్ల పొడవు, లోపల నడవాలంటే ఒక్కో తలుపు దగ్గరా వంగి దూరాలి. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు ఆలోచించుకోండి. 1969 నుంచి 2001 దాకా పని చేసింది, 1971 యుద్ధంలోనూ ఉంది. లోపల వివరించి చెప్పే పెద్దాయన నేవీలో రిటైరైన మనిషి. అన్నంముద్ద ఎక్కడ తినేవాళ్ళో, ఒక మంచం మీద ముగ్గురు వంతులవారీగా ఎలా పడుకునేవాళ్ళో చెబుతుంటే టికెట్ డబ్బు అక్కడికే గిట్టుబాటైపోయింది. రోడ్డుకి అవతల టీయూ-142 విమానం. అది కొత్తగా, మెరుస్తూ, ఆడియో గైడుతో సహా బాగుంది, కానీ నాకు గుర్తున్నది కురుసురలోని ఆ ఇరుకే. పక్కనే విక్టరీ ఎట్ సీ స్తూపం. 1971 డిసెంబరులో పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ ఈ ఊరి ముందే మునిగింది కాబట్టి ఈ బీచ్ రోడ్డు మొత్తం ఆ గెలుపు తాలూకు లైట్లతో వెలుగుతుంది. 1942కి ఒక్క లైటు లేదు. భయపడ్డ సంవత్సరానికి స్తూపం ఎవరు కడతారు?

చిన్నప్పుడు "కోస్టల్ బ్యాటరీ" అనే పేరు విని అక్కడ టార్చిలైటు బ్యాటరీలు తయారు చేస్తారనుకునేవాణ్ణి. బ్యాటరీ అంటే తీరం కాపలాకి పెట్టిన ఫిరంగుల వరస అని ఎప్పటికో తెలిసింది. ఇప్పుడది ఆటోవాళ్ళు కేకేసే ఒక స్టాపు పేరు.

ఆ సాయంత్రమే, అయిదింటికి, బావమరిదితో కలిసి పెద జాలరిపేట ఇసుకలోకి దిగాను. అక్కడ యుద్ధకాలం నాటి కాంక్రీటు బంకరు ఉందని విన్నాను. ఎటు చూసినా నీళ్ళు, పడవలు, ఎండు చేపల వాసన. వల బాగుచేసుకుంటున్న పెద్దాయన మమ్మల్ని కాసేపు చూసి అడిగాడు:

"ఏటి బాబూ, ఏటెతుకుతున్నారు?"

చెప్పాను.

"బంకరా? ఇప్పుడేటి కనపడతాది, పోటు మీదుంది సముద్రం. ఎల్లుండి పొద్దెక్కినాక రండి, తొందరపడకండి."

తొందరపడి వెళ్ళింది మేమే మరి. గంటన్నర తిరిగినందుకు చెప్పుల నిండా ఇసుక, చేతిలో ముంత మసాలా. సముద్రం ఒడ్డున ఏదన్నా చూడాలంటే ఫోన్లో వాతావరణం కాదు, ఆటుపోట్ల వేళలు చూసుకోవాలని నలభై ఎనిమిదేళ్ళకి నేర్చుకున్నాను.

శనివారం పొద్దున్నే లాడ్జి ఖాళీ చేసి భీమిలి వైపు. బావమరిది కంబాలకొండ అడవికి పోదామన్నాడు. మంచి అడవే, చిరుతలు కూడా ఉన్నాయి. కానీ నాకు చెట్ల మధ్య నుంచి సముద్రం కనబడాలి. 900కె బస్సెక్కాం. ఎడమ పక్క కొండలు, కుడి పక్క సముద్రం. కుడివైపు కిటికీ సీటు కోసం అవసరమైతే ఒక బస్సు వదిలేసుకోండి. ఆటోకి బేరమాడి పెట్టే డబ్బుకి ఇది ఎంతో నయం, కాకపోతే రుషికొండ దాటేదాకా నిలబడాల్సి రావచ్చు.

ఎర్రమట్టి దిబ్బల దగ్గర దిగాం. ఈ దిబ్బల గురించి అందరికీ తెలుసు, సినిమాల్లో చూశారు కూడా. వేల ఏళ్ళుగా గాలీ నీరూ కలిసి పోగుచేసి కోసిన ఎర్ర ఇసుక. ఇలాంటివి తమిళనాడులో, శ్రీలంకలో తప్ప మన చుట్టుపక్కల ఇంకెక్కడా లేవు. మనవాళ్ళు మాత్రం ప్రీవెడ్డింగ్ ఫొటోల తర్వాత పూలదండలు, ప్లాస్టిక్ గ్లాసులు అక్కడే వదిలి పోతున్నారు. తాగేనీళ్ళు, మరుగుదొడ్డి మేము తిరిగిన మేరలో కనబడలేదు. ఆడవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఇది ముందే చూసుకోండి.

నేను ఇన్ని మాటలు రాయడానికి కారణం అక్కణ్ణుంచి సముద్రం వైపు నడిచిన నడక. దిబ్బల మీద జీడిమామిడి చెట్లు, దాటాక సరుగుడు తోపులు. డిసెంబరు పొద్దు, పల్చగా మంచు, ఎక్కడో ధనుర్మాసం మైకు. సరుగుడు తోపులో గాలి వీస్తే సముద్రం తలమీంచి పోతున్నట్టుంటుంది. అలల చప్పుడేదో చెట్ల చప్పుడేదో తెలియదు. కింద రాలిన సూదుల్లాంటి ఆకులు మెత్తగా పరుచుకుని అడుగు చప్పుడే వినపడదు. ఈ చెట్లూ ఒక రకం కాపలాయే. తుఫాను గాలిని ఆపడానికి, ఇసుక ఊళ్ళ మీద పడకుండా ఉండడానికి తీరం పొడవునా నాటారు. హుద్‌హుద్ వచ్చిన 2014లో ఈ చెట్లే ముందు విరిగాయి.

ఇంకాస్త ముందుకి వెళ్తే గోడ, దాని మీద ముళ్ళతీగ. భీమిలి రోడ్డులో నేవీ వాళ్ళ స్థావరం ఉంది. ఫొటోలు తీయరాదు అని బోర్డు. బావమరిది ఫోన్ జేబులో పెట్టేసి, "బావా, ఈ కాలం కాపలాకి గోడుంది, బోర్డుంది. మీ తాతగారి కాలం దానికి బోర్డయినా లేదు" అన్నాడు. వాడు ఎప్పుడో గానీ తెలివిగా మాట్లాడడు, అందుకే రాసుకున్నాను.

భీమిలిలో రాత్రికి ఒక ఇంట్లో అద్దె గది. ఇంటావిడ పొద్దున్న పెసరట్టు వేసి, అడక్కుండానే రెండోది పెట్టింది. దోమలు మాత్రం అన్యాయం, కాయిల్ తీసుకెళ్ళండి. లాడ్జికి ఇచ్చినదాంట్లో సగం డబ్బు, రెట్టింపు సుఖం. మళ్ళీ వెళ్తే రెండు రాత్రులూ ఇక్కడే. డచ్చివాళ్ళ సమాధులు, పాత లైట్‌హౌస్ ఒక గంటలో చూసేయొచ్చు. సమాధుల గేటుకి తాళం వేసి ఉంటే గోడ మీంచి చూసి రావడమే, మాకు అదే జరిగింది.

ఆదివారం తిరుగు దారిలో తొట్లకొండ. నేవీ వాళ్ళు 1976లో స్థావరానికి చోటు వెతుకుతూ విమానంలోంచి చూస్తే ఈ కొండ మీద బౌద్ధ విహారం శిథిలాలు బయటపడ్డాయి. నీళ్ళకోసం రాతిలో తొలిచిన తొట్లే ఊరి నోట కొండకి పేరైపోయాయి. పైనుంచి తీరం మొత్తం కనబడుతుంది. కాపలా కాయాలన్నా, ధ్యానం చేయాలన్నా అందరికీ ఇదే కొండ నచ్చిందన్నమాట. కొండ కింద దిగి ఎక్కేవాళ్ళు ఎండ ముదరకముందే ఎక్కాలి.

పన్నెండింటికి మళ్ళీ పెద జాలరిపేట. ఈసారి నీళ్ళు దూరంగా పోయాయి. మొన్న వెతికిన చోటికి ఇరవై అడుగుల్లోనే ఉంది. ఒక పక్కకి ఒరిగి, సగం ఇసుకలో కూరుకుపోయిన నల్లటి కాంక్రీటు దిమ్మ. మిలటరీవాళ్ళు పిల్‌బాక్స్ అంటారు. గోడ మందం నా మోచేతి పొడవు దాటింది. సన్నటి కన్నం ఒకటి ఇసుక పైకి తేలి ఉంది. లోపల మరతుపాకీ పెట్టుకుని ఒడ్డున దిగే పడవల్ని కాల్చడానికి ఆ కన్నం. ఎత్తు తక్కువగా కట్టడం ఎందుకంటే సముద్రం మీంచి గురి చూసేవాడికి దొరక్కుండా. జపాన్ సైన్యం ఈ ఒడ్డున దిగనే లేదు. ఇక్కడ నిలబడ్డవాళ్ళు ఆ కన్నంలోంచి చూసిందల్లా అలలే. నేనూ వంగి చూశాను. లోపల ఇసుక, ఒక చెప్పు, పీతలు. పైన కప్పు మీద ఎవరో వల ఆరేశారు.

మొన్నటి పెద్దాయనే వచ్చి పక్కన నిలబడ్డాడు.

"సూసినారా? ఇప్పుడు బాగానే తేలింది. ఒక్కో ఏడు ఇసక కప్పేస్తాది, అస్సలు ఆనవాలుండదు."

"అప్పుడెలా తెలుస్తుంది, ఎక్కడుందో?"

"పడవ లాగేవోళ్ళకి తెలీదా ఏటి? అడుగు తగిలి పడవ బద్దలైపోద్ది కదా!"