మోడల్ హెలికాప్టర్ ఇంజిన్‌కు మఫ్లరా, ట్యూన్డ్ పైపా?

నైట్రో ఇంధనంతో నడిచే 15 సీసీ మోడల్ హెలికాప్టర్ ఇంజిన్‌కు నేరుగా సిలిండర్‌పై బిగించే మఫ్లర్ (పొగను వదులుతూ శబ్దాన్ని తగ్గించే డబ్బా) మేలా, హెడర్ (ఇంజిన్ నుంచి పొగను తీసుకెళ్లే చిన్న గొట్టం) ద్వారా కలిపే ట్యూన్డ్ పైపు (ఇంజిన్ వేగానికి పొడవు కుదిర్చిన పొగ గొట్టం) మేలా అన్న సందేహం తరచుగా వస్తుంది.

ఖర్చులో మఫ్లరే చవక. బిగింపులోనూ అదే సులువు: పాత గాస్కెట్ (అతుకులో లీకును ఆపే పలుచని పొర) ముక్కలను శుభ్రంగా గీకేసి, రెండు బోల్టులను మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించాలి. వేడికి బోల్టుల పట్టు సడలుతుంది కనుక, మొదటి రెండు మూడు సార్లు ఎగరేశాక వాటిని తప్పక సరిచూడాలి. అంచున నల్లటి నూనె చెమ్మ కనిపిస్తే అక్కడ లీకు ఉన్నట్టే. దానివల్ల మఫ్లర్ నుంచి ఇంధన ట్యాంకుకు అందే పీడనం తగ్గి, ఇంజిన్‌కు ఇంధనం చాలదు.

ట్యూన్డ్ పైపు శక్తిని పెంచుతుంది. దాని పొడవు ఒక నిర్ణీత వేగానికే కుదురుతుంది కాబట్టి, గవర్నర్‌తో (వేగాన్ని స్థిరంగా ఉంచే పరికరంతో) ఇంజిన్ దాదాపు ఒకే వేగంతో తిరిగే హెలికాప్టర్‌కు చక్కగా నప్పుతుంది. అయితే హెడర్‌ను అతిగా కురచ చేస్తే ఇంజిన్ వేడెక్కి దెబ్బతింటుంది. హెడర్‌ను పైపుతో కలిపే సిలికాన్ జాయింటు కాలక్రమేణా మాడిపోతుంది. పైపు రెండో కొసకు అదురును తట్టుకునే మెత్తని ఆధారం కూడా కావాలి.

గాలిలో నిలకడగా నిలపడం నేర్చుకుంటున్నవారికి మఫ్లరే సరైనది. 3డీ విన్యాసాలు (తలకిందులుగా ఎగరేయడం వంటివి) చేస్తూ, ఇంధన మిశ్రమాన్ని చేతితో సరిదిద్దుకోగలిగినవారికి ట్యూన్డ్ పైపు తగినది.