ఎనిమిది ఎంఎం రైఫిల్, దాని తూటాలు: ఉదయగిరి మెట్టలో ఏళ్ల తరబడి వాడాక

ఉదయగిరి, సీతారాంపురం వైపు వెలిగొండల కింద సేద్యం చేసేవాళ్లకి అడవిపందుల బాధ కొత్తగా చెప్పక్కర్లేదు. వేరుశనగ ఊడలు దిగి కాయ పట్టే టైంకి గుంపు దిగిందంటే తెల్లారేసరికి చాళ్లు తవ్వి పోసి ఉంటాయి. మొక్కజొన్నలో అయితే అవి తిన్నదానికంటే తొక్కి పడేసిందే ఎక్కువ. పంట రక్షణ లైసెన్సు మీద మా ఇంట్లో మొదట 12 బోరు డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకీ) ఉండేది. దాని బదులు .315 బోరు రైఫిల్ తీసుకుని చాలా ఏళ్లయింది. మా వైపు దాన్ని అందరూ ఎనిమిది ఎంఎం అనే అంటారు. ఏ రైఫిల్ తీసుకోవాలి, ఏ తూటా కొనాలి అని చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు అడుగుతూనే ఉంటారు. వాళ్లకి చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. లైసెన్సు ఉన్నంత మాత్రాన పందిని కాల్చే హక్కు రాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అడవిపందికీ రక్షణ ఉంది. పంటకి నష్టం చేస్తోందని సెక్షన్ 11 కింద అటవీ శాఖ రాతపూర్వకంగా అనుమతి ఇస్తేనే తుపాకీ ఎత్తాలి. అలా పడిన జంతువు కూడా సర్కారు సొత్తే, కూరకి తెచ్చుకునేది కాదు. అనుమతికి తిరగలేక కరెంటు తీగలు పరిచేవాళ్లున్నారు, నాటు బాంబులు పెట్టేవాళ్లున్నారు. రాత్రి నీళ్లు కట్టడానికి వెళ్లిన మనుషులే ఆ తీగలకి బలైపోతున్నారు. ఆ పని మాత్రం దయచేసి చేయొద్దు.

ఇక రైఫిల్. నా దృష్టిలో మొదట చూడాల్సింది దాని బలం కాదు, తన్ను. తుపాకీ భుజాన్ని ఎంత గట్టిగా తంతుందో మన ఒళ్లు గుర్తుపెట్టుకుంటుంది. రెండు మూడు సార్లు గట్టిగా తగిలాక ట్రిగ్గర్ నొక్కే క్షణంలోనే కళ్లు మూతపడతాయి, భుజం ముందుకు తోసుకొస్తుంది, గొట్టం కిందకి వాలుతుంది. గుండు పొట్టలో తగిలిందంటే దెబ్బతిన్న పంది కందిచేనులో దూరి కూర్చుంటుంది. పొద్దున ఎవరో ఒక కూలీ తల్లి దాని మీదకి నడుచుకుంటూ వెళ్లాల్సి వస్తుంది. నాకున్న పెద్ద భయం అదే. అందుకే కాల్చేవాడు భయపడకుండా కాల్చగల బోరే మంచి బోరు అంటాను.

మామూలు లైసెన్సుకి దొరికే రైఫిళ్లలో మనకి పనికొచ్చేవి .22, .315, .30-06. .22కి తన్ను దాదాపు లేదు. కానీ 40 గ్రెయిన్ల, అంటే సుమారు రెండున్నర గ్రాముల చిన్న గుండు పందిని గాయపరుస్తుందే తప్ప వెంటనే పడేయదు. దాన్ని ప్రాక్టీసుకే ఉంచుకోవాలి. .30-06 అమెరికా సైన్యం 1906లో తెచ్చిన తూటా. 180 గ్రెయిన్ల గుండు సెకనుకు సుమారు 2,700 అడుగుల వేగంతో పోతుంది. దూరం కొట్టడానికి అది గొప్పదే, కాదనను. మన చేలల్లో గట్టుకీ గట్టుకీ మధ్య అంత దూరం ఎక్కడుంది? ఆ చప్పుడు, ఆ తన్ను భరించి మనకి కలిసొచ్చేదేమీ లేదు. .315 పాత ఆస్ట్రియా సైన్యం వాడిన 8 ఎంఎం మాన్‌లిచర్ తూటా నుంచి వచ్చింది. బ్రిటిష్ వాళ్ల కాలంలో .303 సైన్యం బోరు కాబట్టి జనానికి ఇచ్చేవాళ్లు కాదు, ఆ ఖాళీలో ఇది మన దేశంలో పాతుకుపోయింది. గుండు బరువు 244 గ్రెయిన్లు, దాదాపు 16 గ్రాములు. వేగం మాత్రం తక్కువ, సెకనుకు 2,000 అడుగులకి అటూ ఇటూ. దీనికి తన్ను లేదని చెప్పను. కాకపోతే .30-06 చెంపదెబ్బలా చటుక్కున తగిలితే, ఇది నిదానంగా వెనక్కి నెడుతుంది. మా బాబాయి 60 దాటిన మనిషి. 12 బోరులో ఎల్‌జీ తూటా (లావు గుళ్లుండేది) వేస్తే భుజం పట్టుకుని కూర్చునేవాడు, దీంతో ఇబ్బంది పడటం నేను చూడలేదు. వంద మీటర్లు దాటాక గుండు త్వరగా దిగిపోతుంది, అంత దూరం దీంతో ఆశపడకూడదు.

తన్ను ఇంకా తగ్గించుకోవాలంటే బట్ (భుజానికి ఆనించే చెక్క భాగం) చివర మంచి రబ్బరు ప్యాడ్ వేయించుకోండి. అయితే చేతులు పొట్టిగా ఉన్నవాళ్లు ప్యాడ్ మందం మేరకు చెక్క కోయించుకోవాలి, లేకపోతే బట్ భుజం గుంటలో కూర్చోదు. చెవులకి మఫ్స్ తప్పనిసరి. మనం తన్ను అనుకునే దాంట్లో సగం చప్పుడు భయమే. క్లబ్బు రేంజిలో మేం ఒక పద్ధతి పాటిస్తాం. పక్కవాడు బోల్ట్ (తూటాని గొట్టంలోకి తోసి మూసే కడ్డీ) వేసి రైఫిల్ చేతికిస్తాడు, లోపల తూటా పెట్టాడో లేదో కాల్చేవాడికి తెలియదు. ఖాళీగా ఉన్నప్పుడు 'టిక్' మన్న చప్పుడుతో పాటు గొట్టం కిందకి వంగితే ఆ మనిషిలో భయం ఉన్నట్టు. అది వంగటం ఆగేదాకా పొలంలోకి వెళ్లనివ్వం.

మాది ఇషాపూర్ ఫ్యాక్టరీ రైఫిల్. లీ ఎన్‌ఫీల్డ్ పద్ధతి బోల్ట్, బోల్ట్‌ని ముందుకు తోసేటప్పుడు స్ప్రింగ్ బిగుస్తుంది. కొత్తలో చేతికి బిరుసుగా అనిపిస్తుంది, అలవాటైతే చాలా వేగంగా నడుస్తుంది. ఒక్క విషయం మాత్రం నేర్చుకునే తీరాలి. ఈ తూటాకి అడుగున అంచు బయటికి పొడుచుకుని ఉంటుంది. మ్యాగజైన్‌లోకి నొక్కేటప్పుడు పై తూటా అంచు కింది తూటా అంచుకి ముందు కూర్చోవాలి. వెనక్కి పడిందంటే రెండూ తగులుకుని బోల్ట్ మధ్యలో ఇరుక్కుంటుంది. చీకట్లో, పంది ముందున్నప్పుడు అలా అయితే వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. పగలే చేతివేళ్లకి ఆ తేడా తెలిసేలా సాధన చేయాలి.

తూటాల దగ్గర నేను బాగా పట్టుదలగా ఉంటాను. మాకు దొరికేవి ఖడ్కీ ఫ్యాక్టరీవి, అడుగున కేఎఫ్ అని ముద్ర ఉంటుంది. గుండు మొన సాఫ్ట్ నోస్ అయి ఉండాలి, లోపల విచ్చుకుని చాలావరకు అక్కడే ఆగుతుంది. మొత్తం లోహపు తొడుగున్న గుండు పందిని దాటి అవతలికి పోతుంది. ఒకేసారి ఎన్ని ఉంచుకోవచ్చో, ఏడాదికి ఎన్ని కొనొచ్చో లైసెన్సులో రాసి ఉంటుంది కాబట్టి ప్రతి తూటా విలువైనదే. అందుకే కొనేటప్పుడు అన్నీ ఒకే లాట్ నంబర్‌వి, అంటే ఒకే విడతలో తయారైనవి అడిగి తీసుకుంటాను. లాట్ మారితే తగిలే చోటు మారుతుంది. ఇసుక బస్తా మీద ఆనించి 50 మీటర్లకి సైట్ మళ్లీ సరిచూసుకోవాల్సిందే.

ఒకసారి ఒక దుకాణంలో పాత స్టాకు అంటగట్టారు. పెట్టె మీద సీలు బాగానే ఉంది, ఇంటికొచ్చి చూస్తే రెండు మూడింటికి మెడ దగ్గర పచ్చగా చిలుము. వాటిని పక్కన పెట్టేశాను. శుభ్రంగా కనిపించిన వాటిలోనే ఒకటి రేంజిలో పేలలేదు. అలాంటప్పుడు బోల్ట్ వెంటనే తీయకూడదు. గొట్టం టార్గెట్ వైపే ఉంచి కనీసం అర నిమిషం ఆగాలి, మందు ఆలస్యంగా అంటుకునే అవకాశం ఉంటుంది. ఆగి తీసి చూస్తే క్యాపు (తూటా అడుగున మందుని అంటించే చిన్న బిళ్ల) మీద రైఫిల్ పిన్ను దెబ్బ లోతుగానే ఉంది. అంటే రైఫిల్ తప్పు కాదు, చెమ్మ తగిలిన క్యాపు. ఆ పెట్టెలో మిగిలినవి పొలానికి ఎప్పుడూ తీసుకెళ్లలేదు. మన జిల్లా గాలిలో ఉప్పూ చెమ్మా రెండూ ఉంటాయి, తూటాలు గట్టి మూత ఉన్న డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచండి. తోలు బెల్టులో వదిలేయొద్దు, తోలు ఊనడానికి వాడే మందులకి ఇత్తడి ఇంకా త్వరగా చిలుము పడుతుంది.

ఎన్నికలొస్తే తుపాకీ పోలీస్ స్టేషన్లో అప్పజెప్పమంటారు. 2024లో మార్చి నుంచి జూన్ దాకా మాది అక్కడే ఉంది. ఇచ్చేముందు బ్యారెల్‌కి నూనె పట్టించి ఇచ్చాను కాబట్టి లోపల తుప్పు లేదు, బయట బోల్ట్ మీద మాత్రం ఎర్రగా పట్టింది. అసలు భయపెట్టింది వేరే. గొట్టం కొస లోపల కుమ్మరి పురుగు మట్టిగూడు కట్టింది. అది చూడకుండా కాలిస్తే బ్యారెల్ చీలిపోతుంది. తుపాకీ ఎక్కడినుంచి తెచ్చినా బోల్ట్ ఊడదీసి, వెనక నుంచి వెలుతురులోకి చూడాలి. ఆ తరవాతే తూటా.

పొలంలో ఎక్కడ కూర్చుంటామన్నది బోరు కంటే ముఖ్యం. ఈ గుండు గురి తప్పితే కిలోమీటర్లు పోతుంది, పక్క చేలో కూడా కాపలా మనిషి ఉంటాడు. అందుకే మంచె మీద నుంచి కిందకి మాత్రమే, గుండు మన నేలలోనే దిగేలా చూసుకుని కాలుస్తాను. పంది గట్టు మీదకి ఎక్కి ఆకాశానికి ఎదురుగా నిలబడితే ఎంత బాగా కనిపించినా వదిలేస్తాను.

కొత్తది దొరక్క పాత రైఫిల్ బేరం చేస్తుంటే చెక్క నునుపుకి మోసపోవద్దు. బ్యారెల్ తుడిపించి లోపల మెలి తిరిగిన గాడులు కొసదాకా పదునుగా ఉన్నాయో లేదో చూడండి. బోల్ట్ మీద నంబరూ రైఫిల్ మీద నంబరూ ఒకటేనా చూడండి. వీలైతే క్లబ్బులో తెలిసినవాళ్ల సమక్షంలో కాల్చి, బయటికొచ్చిన ఖాళీ తూటా తొడుగు పరీక్షించండి. అడుగు దగ్గర చుట్టూ మెరిసే సన్నటి గీత కనిపించిందంటే ఇత్తడి అక్కడ సాగుతోందని అర్థం. గన్‌స్మిత్‌కి చూపించకుండా ఆ రైఫిల్‌కి అడ్వాన్సు ఇవ్వకండి.