జిడ్డు జుట్టుకని లీటరు షాంపూ కొంటున్నారా? ముందు ఆ స్టిక్కర్ కింద ఏముందో చూడండి

అనంతపురంలో ఉండేవాళ్లు, ముఖ్యంగా ఇంట్లో ఇంటర్, డిగ్రీ చదివే పిల్లలున్నవాళ్లు దయచేసి ఇది చివరిదాకా చదవండి. సగం ధరకు వచ్చిందని లీటరు షాంపూ కొని, మా పాప మాడు పుండయ్యేదాకా తెచ్చుకున్నాము. అదే సరుకు ఇంకా షాపులో అమ్ముతున్నారు కాబట్టి రాస్తున్నాను.

మా పాప ఇంటర్ మొదటి సంవత్సరం. పొద్దున తలస్నానం చేసి జడ వేసుకుని పోతే, సాయంత్రానికి పాపిట దగ్గర జుట్టు నూనె రాసినట్టు మాడుకు అతుక్కుపోయేది. నుదుటి నిండా సన్నటి మొటిమలు. "నూనె పెట్టుకోని వచ్చినావా అని అడుగుతాండారమ్మా" అని ఇంటికొచ్చి ఏడ్చేది. ఆ వయసులో అది చిన్న బాధేమీ కాదు. ఏదో ఒకటి చెయ్యాలని బజారులో ఒక కాస్మెటిక్స్ షాపుకు పోయాను. జిడ్డు జుట్టు అనగానే అతను పై అరలోంచి ఆకుపచ్చ సీసా తీశాడు. పంపు ఉన్న లీటరు సీసా, ముందువైపు పెద్ద అక్షరాలతో ఆయిల్ కంట్రోల్ అని. ఎమ్మార్పీ 850. నాకు 320కే ఇస్తానన్నాడు. "పార్లర్లోళ్లందరూ ఇదే తీసుకుపోతాండారక్కా, ఎవురూ ఒక్క మాట అనలేదు" అన్నాడు. బిల్లు అడిగితే షాంపూకు బిల్లెందుకక్కా అన్నాడు. ఫోన్లో డబ్బులు పంపి, తెచ్చేసుకున్నాను. సీసా వెనక్కి తిప్పి చూడలేదు.

మొదటి వారం చాలా సంతోషంగా ఉన్నాము. తడి జుట్టును వేళ్ల మధ్య లాగితే కిర్రుమనేది. జిడ్డు అంతా పోయింది, ఇదే అసలైన శుభ్రం అనుకున్నాము. రెండో వారం నుంచి మాడు బిగదీసినట్టుందని, దురదగా ఉందని పాప చెప్పడం మొదలుపెట్టింది. మూడో వారానికి భుజాల మీద తెల్లటి పొట్టు. చుండ్రు వచ్చిందనుకుని, అదే షాంపూతో రోజూ, ఒక్కోసారి పూటకోసారి తల రుద్దించాను. పది నిమిషాలు ఉంచుకో, బాగా పనిచేస్తుందని కూడా చెప్పాను. ఒకరోజు పొద్దున పక్క దులుపుతుంటే దిండు గలీబు మీద గోధుమరంగు మరకలు, చిన్న చిన్న చుక్కలు. పాప వేళ్లు చూస్తే గోళ్ల సందుల్లో ఎండిన రక్తం. రాత్రంతా నిద్రలో గీక్కుంటోంది. చెవి వెనక జుట్టు పక్కకు తీసి చూస్తే చర్మం ఎర్రగా కంది, అక్కడక్కడా పగిలి నీరు కారుతోంది.

చర్మం డాక్టరు దగ్గరికి తీసుకుపోయాము. ఆమె పాపిట తీసి లైటు పెట్టి చూసి, ఇది చుండ్రు కాదు, షాంపూ పడక మాడు దెబ్బతినింది అన్నారు. చుండ్రు పొట్టు కాస్త జిడ్డుగా, పసుపురంగులో ఉంటుందట. మా పాపది పొడి పొట్టు, కింద చర్మం మంట. సీసా పట్టుకురమ్మన్నారు.

ఇంటికొచ్చి బాత్రూం అరలోంచి సీసా తీశాను. వెనక దిగువన చిన్న తెల్ల స్టిక్కరు, దాని మీద తయారీ నెల, వాడాల్సిన గడువు. రోజూ తడి తగిలి స్టిక్కరు ఒక మూల లేచి ఉంది. గోటితో పట్టుకుని మెల్లగా లాగితే ఊడి వచ్చింది. కింద సీసా మీదే ముద్రించిన అసలు తేదీ. గడువు దాటి ఏడాది పైనే అయింది. వెలుతురుకు పెట్టి చూస్తే లోపల పైన పల్చటి నీళ్లు, అడుగున చిక్కటి పొర, రెండూ విడిపోయి ఉన్నాయి. ఇందులో ఏమేమి కలిపారో చెప్పే జాబితా లేదు. తయారీ లైసెన్సు నంబరు లేదు. కంపెనీ పేరు ఉంది గానీ చిరునామా లేదు. పాప మాడు పగలడానికి పాతబడ్డం కారణమా, మొదటి నుంచే ఘాటైన సరుకా అన్నది సీసా చూసి చెప్పలేమని డాక్టరు అన్నారు. రెండూ కావచ్చు. రోజుకు రెండుసార్లు రుద్దించిన నా తప్పు కూడా ఉంది. కానీ ఆ స్టిక్కరు మాత్రం ఎవరో కావాలని అతికించిందే.

డాక్టరు చెప్పిన ఒక సంగతి మాత్రం అందరికీ తెలియాలి. తలలో ప్రతి వెంట్రుక కుదురు పక్కన నూనె గ్రంథి ఉంటుంది. ఈడొచ్చే వయసులో హార్మోన్ల వల్ల అది ఎక్కువగా పనిచేస్తుంది, అందుకే ఆ వయసు పిల్లలకే జిడ్డూ, మొటిమలూ కలిసి వస్తాయి. ఏ షాంపూ అయినా పైకి వచ్చిన నూనెను కడగగలదు, లోపల గ్రంథిని ఆపలేదు. కాబట్టి జిడ్డు శాశ్వతంగా పోతుందని ఏ సీసా మీద రాసినా నమ్మకండి. రోజూ కడిగితే నూనె ఇంకా ఊరుతుందన్న మాట కూడా నిజం కాదు, గ్రంథిని నడిపేది హార్మోన్లే. ఘాటైన షాంపూ పదే పదే రుద్దితే జరిగేది వేరు. మాడు చర్మం కాస్త ఆమ్ల గుణంతో, పీహెచ్ 5.5 దరిదాపుల్లో ఉంటుంది. చర్మాన్ని కాపాడే కొవ్వు పొర కూడా దాని మీద ఉంటుంది. జిడ్డుతో పాటు ఆ పొర కూడా పోతే చర్మం ఎండి పగులుతుంది. మేము మురిసిపోయిన ఆ కిర్రు చప్పుడు అదే.

ఇప్పుడు కొనేటప్పుడు నేను చూసేది చెప్తాను. ముందువైపు ఏం రాసినా పట్టించుకోను, సీసా వెనక్కి తిప్పుతాను. తయారీదారు పేరు, పూర్తి చిరునామా, బ్యాచ్ నంబరు, లైసెన్సు నంబరు, గడువు తేదీ, కలిపిన పదార్థాల జాబితా ఉండాలి. 2020 నాటి కాస్మెటిక్స్ నిబంధనల ప్రకారం ఇవన్నీ తప్పనిసరి. బయటి దేశం సరుకైతే దిగుమతి చేసినవాళ్ల పేరు, చిరునామా కూడా. ముద్రించిన వివరాల మీద స్టిక్కరు అంటిస్తే ఇంక ఆ సీసా ముట్టుకోవద్దు. ధర తగ్గిస్తే తగ్గించిన ధర స్టిక్కరు అంటించుకోవచ్చు గానీ, అది కూడా అసలు ఎమ్మార్పీని కప్పకూడదని తూనికలు కొలతల నిబంధనల్లోనే ఉంది. తేదీని కప్పే స్టిక్కరుకు ఏ సాకూ లేదు.

పదార్థాల జాబితాలో ఒక శాతం కంటే ఎక్కువున్నవాటిని ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాస్తారు. మొదట నీళ్లు, తర్వాత నురగ తెచ్చే పదార్థం. సోడియం లారిల్ సల్ఫేట్ కాస్త ఘాటు, సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే నయం. దాని పక్కన కోకమిడోప్రొపైల్ బీటైన్ లాంటిది ఉంటే ఘాటు తగ్గుతుంది. సల్ఫేట్ అన్న మాట కనపడగానే భయపడాల్సిన పని లేదు, జిడ్డు జుట్టుకు అది పనికొచ్చేదే. డైమెథికోన్ లాంటి సిలికోన్లు ఉన్న స్మూత్ షాంపూలు మాత్రం జిడ్డు జుట్టును ఇంకా బరువుగా, అణిగిపోయినట్టు చేస్తాయి. నిజంగా చుండ్రే ఉంటే దాని సంగతి వేరు. మలస్సేజియా అనే ఈస్టు రకం ఫంగస్ మన తల నూనెనే తిని పెరుగుతుంది, దానికి 2 శాతం కీటోకోనజోల్ షాంపూ డాక్టర్లు రాస్తారు. అది మందు. వారానికి రెండుసార్లు, మూడు నుంచి ఐదు నిమిషాలు ఉంచి కడగాలి, వాళ్లు చెప్పినన్ని వారాలే వాడాలి.

కొత్త షాంపూ ఏదైనా ముందు చిన్న పాకెట్లు నాలుగు కొని వాడి చూడండి. పాకెట్టు మీద కూడా తేదీ ఉంటుంది. వాటితో దురద రాకపోతేనే సీసా కొనండి.

మన ఊరి నీళ్ల గురించి కూడా చెప్పాలి. మా వీధిలో మున్సిపాలిటీ కొళాయి రోజు మార్చి రోజు వస్తుంది, స్నానాలకంతా బోరు నీళ్లే. గీజరు రాడ్డు మీద రెండు నెలలకే సున్నం పట్టినట్టు తెల్లటి పొర కడుతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం ఎక్కువైతే సబ్బు విరిగి తెట్టు కడుతుంది, అది వెంట్రుకలకు పట్టి జుట్టు బంకగా ఉంటుంది. అందుకే తలకు సబ్బు అసలు వద్దు. షాంపూ సబ్బులా విరగదు, కానీ ఖనిజాలు జుట్టు మీద నిలిచిపోతాయి. జిడ్డు పోలేదనుకుని ఇంకా షాంపూ పోస్తాము. మేమిప్పుడు చివర్లో రెండు చెంబులు కొళాయి నీళ్లతో కడుగుతున్నాము. దీనికే సగం బంక తగ్గింది.

పాపకు ఇప్పుడు రోజు మార్చి రోజు తలస్నానం. జుట్టు బాగా తడిపి, షాంపూ చేతిలో కొంచెం నీళ్లతో కలిపి, కుదుళ్లకు మాత్రమే వేళ్ల మెత్తతో రాస్తుంది. గోళ్లు తగలనివ్వదు. గోరువెచ్చటి నీళ్లు చాలు, మరిగే నీళ్లు మంట పెంచుతాయి. కండిషనర్ వాడితే జడ చివరలకే, మాడుకు వద్దు. కొబ్బరి నూనె కూడా అంతే.

కుంకుడుకాయలు పెట్టుంటే ఈ బాధ ఉండేది కాదు కదా అని మా అవ్వ అంది. మామూలు మాడుకైతే అవ్వ మాటే నిజం కావచ్చు. కానీ కుంకుడులో నురగ తెచ్చే సాపోనిన్లు కూడా నూనెను బాగా లాగేస్తాయి, పగిలిన చర్మానికి తగిలితే భగ్గుమంటాయి. మానేదాకా ఆగమన్నారు డాక్టరు. నిమ్మరసం, వంటసోడా అసలు వద్దన్నారు.

మాడు మానడానికి మూడు వారాలు పట్టింది. సీసా తీసుకుని షాపుకు పోతే మొదట "యాడ కొన్నారో ఏమో" అన్నాడు. ఫోన్లో డబ్బులు పంపిన మెసేజ్ చూపించాక 320 తిరిగి ఇచ్చాడు. డబ్బులు తీసుకుంటుంటే అతని వెనక అరలో అవే ఆకుపచ్చ సీసాలు, అవే తెల్ల స్టిక్కర్లు. తీసెయ్యమని అడిగాను, తల ఊపాడు. వారం తర్వాత ఆ దారిలో వస్తూ చూశాను, అక్కడే ఉన్నాయి.

అందుకని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను, తెలుగులోనే మాట్లాడాను. తేదీ మార్చిన విషయం తూనికలు కొలతల శాఖకు, లైసెన్సు నంబరు లేని విషయం ఔషధ నియంత్రణ శాఖకు రాశాను. మీ ఇంట్లో ఇలాంటి సీసా ఉంటే పారెయ్యకండి. స్టిక్కరు మూల తీసి, కింద తేదీ కనపడేలా ఫోటో తీసుకుని, మీరు కూడా 1915కు చెప్పండి. మా సీసా, ఊడదీసిన స్టిక్కరు ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టాను. ఆఫీసర్లు ఎప్పుడు అడిగినా ఇవ్వడానికి సిద్ధంగా ఉంది.