విజయనగరంలో మూడు నెలల మీడియా కోర్సు: నా అనుభవం

విశాఖలోని ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళ్లి రెండేళ్లు జర్నలిజం చదివే వీలు లేక, విజయనగరం కోట సమీపంలోని ఒక ప్రైవేటు సంస్థలో 18,000 రూపాయలు చెల్లించి మూడు నెలల కోర్సులో చేరాను.

వార్తారచన బోధన అన్నిటికంటే మేలుగా ఉంది. 2018 అక్టోబరులో పలాస సమీపంలో తీరం దాటిన తిత్లీ తుపానును ఉదాహరణగా తీసుకుని, హెచ్చరికలో ఉండే గాలి వేగం, అలల ఎత్తు వంటి వివరాలను మత్స్యకారులకు అర్థమయ్యే నాలుగు వాక్యాలుగా, ఆపై రేడియోలో చదవదగిన అర నిమిషపు పాఠంగా, చివరకు ఫోనుకు పంపే సంక్షిప్త సందేశంగా మాచేత రాయించారు. వార్త రాసేవారే నేడు వీడియో తీసి, కూర్చి, శీర్షిక కూడా పెట్టవలసి వస్తోందని నాకు అక్కడే బోధపడింది. పైడితల్లి సిరిమానోత్సవం నాడు జనసందోహంలో శబ్దం రికార్డు చేయించిన పాఠమూ మంచిదే; మైకుకు తొడుగు వేయడం మరచినందువల్ల నాకు మాత్రం హోరే మిగిలింది.

ఎడిటింగ్ తరగతులు నిరాశపరిచాయి. పదహారు మందికి నాలుగు కంప్యూటర్లే ఉన్నాయి, అందులో ఒకటి తరచూ మొరాయించేది. కృత్రిమ మేధను ఒక్క గంటలో ముగించారు. యంత్రం ఇచ్చిన తెలుగు అనువాదాన్ని ఎలా సరిచూడాలో, ఇంటర్వ్యూలలో నన్ను అడిగినది అదే అయినా, ఎవరూ చెప్పలేదు.

నూటికి నూరు శాతం ఉద్యోగం అన్న ప్రకటనను నమ్మి చేరవద్దు. మా బృందంలో ముగ్గురికే పని దొరికింది. వారిలో ఇద్దరు వార్తాసంస్థల్లో కాక, ఆసుపత్రుల ప్రజాసంబంధాల విభాగాల్లో చేరారు. రుసుముకు రసీదు అడిగి తీసుకోండి.