పర్లాకిమిడి చిన్న రైలు నడిచిన దారిలో

నౌపడా నుంచి ఒడిశాలోని గుణుపురం వెళ్లే బండి ఇప్పుడు చూడ్డానికి మామూలు ప్యాసింజరే. 2004 దాకా ఆ దారిలో రెండున్నర అడుగుల వెడల్పు పట్టాల మీద చిన్న రైలు నడిచేది. మా శ్రీకాకుళం జిల్లాలో దాన్ని ఎక్కినవాళ్లు ఇంకా ఇంటికొకరు దొరుకుతారు.

కలకత్తా–మద్రాసు లైను నౌపడా మీదుగా పోతుంటే, తమ ఊరిని దానికి కలపాలని పర్లాకిమిడి రాజావారు సొంత డబ్బుతో వేయించిన రైలు అది. సుమారు 7 లక్షల రూపాయల ఖర్చుతో 40 కిలోమీటర్లు వేశారు. 1900లో నడక మొదలైంది. మొదటి పదేళ్లూ నష్టమే. లాభాలు వచ్చాక గుణుపురం దాకా పొడిగించారు, ఆ పని 1931కి పూర్తయింది. మొత్తం 90 కిలోమీటర్లు. మొదట ఆవిరి ఇంజన్లు, చివరి రోజుల్లో డీజిల్. బ్రాడ్‌గేజ్ పనుల కోసం 2004లో ఆపేశారు. గుణుపురానికి మళ్లీ రైలు రావడానికి 2011 దాకా పట్టింది. ఆ ఏడేళ్లూ అక్కడి జనానికి బస్సులే దిక్కు.

ఈసారి నేను కిటికీ పక్కన సీటు చూసుకుని ఎక్కాను. టెక్కలి, టెంబూరు దాటాక కొండలు దగ్గరవుతాయి. పాతపట్నం దగ్గర మహేంద్రతనయ నది. నీలమణి దుర్గమ్మ గుడి చూడాలంటే ఇక్కడే దిగాలి, పర్లాకిమిడి అక్కణ్ణుంచి ఆటోలో కాసేపే. పెట్టెలో మాటలు వినండి: ఒకావిడ ఫోన్‌లో ఒడియా, పక్కన కూర్చున్న అత్తగారితో తెలుగు, బుట్ట దింపమని ఎదుటి మనిషికి సవర. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో బడి చెబుతూ సవర భాష నేర్చుకున్నది ఊరికే కాదనిపించింది. 1936లో ఊరు ఒడిశాలో కలిసింది, పాతపట్నం మనవైపే ఉండిపోయింది. రైలు మాత్రం రెండు వైపులా తిరుగుతూనే ఉంది.

బస పర్లాకిమిడిలోనే పెట్టుకోండి. నేను దిగిన లాడ్జిలో గది శుభ్రంగానే ఉంది గానీ వేడినీళ్లకి బకెట్టు పట్టుకుని కిందికి దిగాల్సొచ్చింది. పిల్లలతో వెళ్తే ముందే అడిగి తీసుకోండి. పొద్దున టిఫిన్‌కి బొరా (మినప వడ), ఘుగుని (బఠాణీ కూర) తప్పక తినాలి. కొమ్ముతో చేసే బొమ్మలు కొనాలంటే చేసేవాళ్ల ఇళ్ల దగ్గరే నయం, పని కూడా చూడొచ్చు.

కొత్త బండి మీద నాకు ఫిర్యాదు లేదు. నౌపడాలో మారే పని లేకుండా విశాఖ దాకా ఒకే పెట్టెలో వెళ్లొచ్చు, ఆసుపత్రి పనుల మీద వెళ్లేవాళ్లకి అది పెద్ద సాయం. కానీ పర్యాటకుల కోసమైనా ఒక చిన్న ముక్క పాత గేజ్ ఉంచి నడిపి ఉండాల్సింది. ఊటీ, డార్జిలింగ్ చిన్న రైళ్లకి దక్కిన ప్రపంచ వారసత్వ గౌరవం దీనికీ దక్కాల్సిందని నా గట్టి నమ్మకం.

బళ్లు తక్కువ కాబట్టి టైములు ముందే చూసుకోండి. తిరుగు బండి తప్పితే గుణుపురంలో రాయగడ బస్సెక్కండి, అక్కడ విశాఖకి రైళ్లు బాగానే దొరుకుతాయి.