వర్చువల్‌బాక్స్‌లో డెబియన్: రెండేళ్ల పైచిలుకు వాడాక

మా ఇంట్లో ఉన్నది ఒక్కటే ల్యాప్‌టాప్. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, విండోస్ 10. నా అకౌంట్ల పని, పిల్లల చదువు అన్నీ దాని మీదే. లినక్స్ నేర్చుకోవాలని ఎప్పటినుంచో ఉన్నా, డ్యూయల్ బూట్ (విండోస్ పక్కనే అదే డిస్క్‌లో లినక్స్ కూడా పెట్టడం) మాటెత్తితే చాలు, "ఏ ప్రయోగమైనా చేసుకోండి, దీన్ని మాత్రం ముట్టుకోకండి" అనేది మా ఆవిడ. ఆమె భయంలో తప్పేం లేదు. డిస్క్‌ని భాగాలు చేసే పార్టిషన్ దగ్గర ఒక్కటి తప్పు నొక్కితే అంతా గోవిందా. అందుకని 2023 ఆగస్టులో విండోస్‌లోనే వర్చువల్‌బాక్స్ 7 (కంప్యూటర్ లోపల ఇంకో ఉత్తుత్తి కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రామ్) వేసి, అందులో డెబియన్ 12 అనే లినక్స్ పెట్టాను. అది విడుదలై అప్పటికి రెండు నెలలే.

డెబియన్ 12 నెట్‌ఇన్‌స్ట్ ఐఎస్ఓ (ఇన్‌స్టాల్‌కి దింపుకునే చిన్న ఫైల్) అప్పట్లో 700 ఎంబీ కూడా లేదు, మిగతాదంతా ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడు నెట్ నుంచి దింపుకుంటుంది. ఐఎస్ఓ చూపించగానే వర్చువల్‌బాక్స్ "నేనే చేసిపెడతాను" అన్నట్టు అన్‌అటెండెడ్ ఇన్‌స్టాల్‌కి సిద్ధమైంది. సరే కానిమ్మన్నాను. ఇన్‌స్టాల్ బాగానే అయింది, కానీ సుడో (అడ్మిన్ హక్కుతో పని చేయించే కమాండ్) కొడితే ఆ యూజర్ సుడోయర్స్ ఫైల్లో లేడని తిట్టింది. యూజర్ పేరు వీబాక్స్‌యూజర్, పాస్‌వర్డ్ చేంజ్‌మీ అని అదే పెట్టేసింది, నేను గమనించనే లేదు. ఆదివారం మొత్తం దానికే పోయింది. చివరికి మెషిన్‌ని తీసేసి, స్కిప్ అన్‌అటెండెడ్ అనే గడిలో టిక్ పెట్టి మళ్లీ మొదలుపెట్టాను.

చేత్తో చేసుకుంటే ఆగి చదవాల్సిన స్క్రీన్ ఒక్కటే: రూట్, అంటే అన్ని హక్కులూ ఉండే అడ్మిన్ యూజర్, పాస్‌వర్డ్ అడిగేది. అక్కడ ఖాళీ వదిలేయండి. అప్పుడు మీరు సృష్టించే మొదటి యూజర్‌కే సుడో హక్కు వస్తుంది. ఏదైనా టైప్ చేశారో, నా ఆదివారం మీకూ వస్తుంది. డిస్క్ మొత్తం తుడిచేస్తానని అడిగినప్పుడు గుండె జారుతుంది గానీ, అది తుడిచేది విండోస్‌లో ఉన్న ఒక వీడీఐ ఫైల్ లోపలే, లోపలి మెషిన్‌కి డిస్క్ అదే. నేను 25 జీబీ ఇచ్చాను, ర్యామ్ 3 జీబీ, ప్రాసెసర్లు రెండు. గ్నోమ్ డెస్క్‌టాప్ పెడితే ఎడ్లబండిలా నడిచింది. తేలికైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కి మారాక ఆ బాధ పోయింది.

గ్రాఫికల్ ఇన్‌స్టాలర్‌లో తెలుగు కూడా ఉంది. మొదటిసారి సరదాగా తెలుగులోనే చేశాను. తర్వాత ఎర్రర్ వస్తే దాన్ని వెతకడానికి ఇంగ్లీషు మాటే కావాల్సి వచ్చి రెండోసారి ఇంగ్లీషుకి వెళ్లాను. తెలుగు టైపింగ్‌కి ఐబస్, ఎం17ఎన్ వేసుకుంటే ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్ పద్ధతులు రెండూ దొరుకుతాయి. ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీతో పోతన, వేమన ఫాంట్లు వస్తాయి. డీటీపీ చేసే స్నేహితుడికి చూపిస్తే పాత చుట్టాన్ని చూసినట్టు నవ్వాడు.

అసలు తలనొప్పి గెస్ట్ అడిషన్స్, అంటే లోపలి లినక్స్ బయటి విండోస్‌తో కలిసి పనిచేయడానికి వేసే డ్రైవర్లు. అవి లేనంతవరకూ స్క్రీన్ చిన్న కిటికీలా ఉంటుంది, కాపీ పేస్ట్ బయటికీ లోపలికీ పనిచేయదు. మౌస్ ఒక్కోసారి లోపల ఇరుక్కుపోతుంది, కుడివైపు కంట్రోల్ నొక్కితే గానీ బయటికి రాదు. ముందుగా బిల్డ్-ఎసెన్షియల్, లినక్స్-హెడర్స్-ఏఎండీ64 వేసుకుని, ఆ తర్వాతే గెస్ట్ అడిషన్స్ సీడీలోని స్క్రిప్ట్ నడపాలి. నేను అప్పటికి నడుస్తున్న కెర్నల్‌కి (లినక్స్ గుండెకాయ) మాత్రమే హెడర్స్ వేశాను. నెల తిరక్కుండా కెర్నల్ అప్‌డేట్ వచ్చింది, స్క్రీన్ మళ్లీ కిటికీ అయింది.

ఇంకో రోజు అన్నీ మరీ నిదానించాయి. చూస్తే వర్చువల్‌బాక్స్ కింది పట్టీలో చిన్న ఆకుపచ్చ తాబేలు! విండోస్‌లో దాని సొంత వర్చువల్ మెషిన్ వ్యవస్థ హైపర్-వీ ఆన్ అయి ఉంటే, వర్చువల్‌బాక్స్ నేరుగా ప్రాసెసర్‌ని వాడుకోలేక దాని మీదుగా నడుస్తుంది, అప్పుడే ఆ తాబేలు కనిపిస్తుంది. విండోస్ సెక్యూరిటీలో మెమరీ ఇంటెగ్రిటీ ఆపేసి, హైపర్-వీ తీసేసి రీస్టార్ట్ చేస్తే పోయింది. మెమరీ ఇంటెగ్రిటీ భద్రత కోసం పెట్టిందే, కాబట్టి ఆపడం మీ ఇష్టం మీద ఉంటుంది.

ఇన్ని చెప్పినా దీన్ని వదలకపోవడానికి కారణం స్నాప్‌షాట్లు, అంటే మెషిన్ ఆ క్షణపు స్థితిని దాచి, కావాలంటే దానికి వెనక్కి వెళ్లే సౌకర్యం. ఒక రాత్రి నా ఫోల్డర్‌కి అనుమతులు మార్చబోయి, స్లాష్ ముందు చుక్క మరిచి, సుడోతో సీహెచ్‌మాడ్ -ఆర్ 777 కొట్టాను. అది రూట్ నుంచి మొత్తం సిస్టమ్ మీద పారింది. ఆ తర్వాత సుడోనే పనిచేయలేదు, దానికి రూట్ హక్కు ఇచ్చే సెట్‌యూఐడీ బిట్ ఎగిరిపోయింది. అసలు మెషిన్ మీద ఇదే చేసి ఉంటే మర్నాడు ఇంట్లో మొహం చూపించలేకపోయేవాణ్ని. ఇక్కడ పొద్దున తీసిన స్నాప్‌షాట్‌కి వెనక్కి వెళ్లాను, టీ చల్లారేలోపు పాత స్థితికి వచ్చింది. లినక్స్‌లో నేను నేర్చుకున్న చాలా విషయాలు ఇలా చెడగొట్టి నేర్చుకున్నవే.

దానికి రేటు డిస్క్ రూపంలో కట్టాలి. స్నాప్‌షాట్ తీసిన ప్రతిసారీ ఆ తర్వాతి మార్పులన్నీ వేరే ఫైల్లోకి వెళ్తాయి. లోపల సినిమాలు తుడిచేసినా వీడీఐ దానంతట అది తగ్గదు. పదకొండు స్నాప్‌షాట్లు పోగయ్యాక ఒక సాయంత్రం విండోస్ డ్రైవ్ నిండిపోయి మెషిన్ మధ్యలో ఆగిపోయింది. తీసేద్దామంటే, వాటిని ఒకదాంట్లో ఒకటి కలపడానికీ కాస్త ఖాళీ కావాలి. పిల్లల వీడియోలు పెన్‌డ్రైవ్‌లోకి మార్చి ఆ ఖాళీ చేశాను.

4 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లు దీని జోలికి రావద్దు. గేమ్స్‌కీ ఇది పనికిరాదు. ఆఫీసు మెషిన్‌లో వేసేవాళ్లు వర్చువల్‌బాక్స్‌కి విడిగా దొరికే ఎక్స్‌టెన్షన్ ప్యాక్ వేయకండి. అసలు ప్రోగ్రామ్ ఓపెన్ సోర్సే, ఆ ప్యాక్ లైసెన్స్ మాత్రం వేరు, ఉచితం సొంత వాడకానికీ చదువుకే.

2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. దసరా సెలవుల్లో స్నాప్‌షాట్ తీసి, సోర్సెస్ ఫైల్లో బుక్‌వార్మ్ (12 పేరు) ఉన్నచోటల్లా ట్రిక్సీ (13 పేరు) అని మార్చి ఫుల్-అప్‌గ్రేడ్ కొట్టాను. ఒక సాయంత్రం పట్టింది. వర్చువల్‌బాక్స్‌ని కొత్త వెర్షన్‌కి మార్చి గెస్ట్ అడిషన్స్ మళ్లీ వేశాక అన్నీ దారిలో పడ్డాయి. 12 నాటి ఆ స్నాప్‌షాట్ మాత్రం తీసేయడానికి ఇంకా చెయ్యి రావట్లేదు. 9 జీబీ మింగి అలాగే కూర్చుంది.